కంప్యూటర్ ‘అనుమతి లేదు’ అన్నప్పుడు: గేటు తీసేసే ముందు అడగాల్సిన మూడు ప్రశ్నలు

కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే ‘పర్మిషన్ డినైడ్’ అనో, ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అనో తెర మీద కనిపించడం ఇంటి కంప్యూటర్ వాడేవారందరికీ అనుభవమే. ఆ సందేశం ఎందుకు వస్తుంది, దాన్ని ఎలా చదవాలి, కంప్యూటర్ భద్రత దెబ్బతినకుండా ఎలా దాటాలి అన్నది ఈ వ్యాసం.

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీ విజయపురం. 2024 సెప్టెంబరు దాకా దాని పేరు పోర్ట్ బ్లెయిర్. ఆ ఊళ్లోని లంబాలైన్‌లో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. అలాంటి కుటుంబాలు అక్కడ అరుదేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష.

ఇంట్లో ఒకటే కంప్యూటర్. తండ్రి బ్యాంకు పనులు, బిల్లుల చెల్లింపులు అందులోనే. తమ్ముడి ఆటలూ అందులోనే. డిగ్రీ చదువుతున్న అక్క భౌతికశాస్త్రం ప్రాజెక్టు కూడా అందులోనే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసింది. పాత యంత్రం విండోస్ 11కి సరిపోదు. అందుకని దానిలో ఉచితంగా దొరికే లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు వేసుకున్నారు.

ప్రాజెక్టు కోసం పైథాన్ భాషలో లెక్కలు చేసే ‘నమ్‌పై’ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. రాత్రి పది గంటలకు అక్క ఇన్‌స్టాల్ ఆదేశం ఇచ్చింది. డౌన్‌లోడ్ పూర్తయింది. ఆ వెంటనే ‘ఎర్రర్ నంబరు 13, పర్మిషన్ డినైడ్’ అని వచ్చి పని ఆగిపోయింది. విశాఖలో ఉన్న పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేసింది. “ఒక్క లైను కొట్టు చెల్లీ, అన్ని తలుపులూ తెరుచుకుంటాయి” అన్నాడు అన్నయ్య. ఆ లైను సారాంశం ఏమిటంటే, ఫైళ్లన్నిటి మీదా అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేయడం. దాన్నే ‘777’ చిట్కా అంటారు.

ఎంటర్ నొక్కాలా, వద్దా? ఆ నిర్ణయం తీసుకునే ముందు అసలు ‘కుదరదు’ అంటున్నది ఎవరో తెలియాలి.

‘కుదరదు’ అంటున్నది ఎవరు?

అలా అంటున్నది మనం ఎక్కిస్తున్న సాఫ్ట్‌వేర్ కాదు. కంప్యూటర్ గుండెలాంటి కెర్నల్. ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌తో నేరుగా వ్యవహరించే భాగం అదే.

నేటి ప్రాసెసర్లు కనీసం రెండు స్థాయుల్లో పనిచేస్తాయి. ఒకటి కెర్నల్ స్థాయి, రెండోది సాధారణ ప్రోగ్రాముల స్థాయి. ఇంటెల్ సంస్థ 1982లో తెచ్చిన 80286 చిప్‌లో ఇలాంటివి నాలుగు అంచెలు ఉండేవి. నేటి ప్రధాన ఆపరేటింగ్ సిస్టమ్‌లు మామూలుగా వాటిలో పై అంచెనూ కింది అంచెనూ మాత్రమే వాడుకుంటున్నాయి. కింది స్థాయిలో ఉన్న ప్రోగ్రాము డిస్కును నేరుగా తాకలేదు. తాకాలని చూస్తే ప్రాసెసరే అడ్డుపడుతుంది. కాబట్టి ఫైలు రాయాలన్నా, చదవాలన్నా, చెరపాలన్నా కెర్నల్‌కు విన్నపం పెట్టుకోవాల్సిందే. సాంకేతిక భాషలో ఆ విన్నపమే ‘సిస్టమ్ కాల్’.

విన్నపం అందగానే కెర్నల్ మూడు సంగతులు చూస్తుంది. అడుగుతున్నది ఎవరి తరఫున? అడుగుతున్నది ఏ ఫైలు లేదా ఫోల్డర్ గురించి? దానితో చేయదలచిన పని ఏమిటి? మూడూ పొసిగితే పని జరుగుతుంది. లేదంటే ఒక సంఖ్య వెనక్కి వస్తుంది. లంబాలైన్ ఇంట్లో తెర మీద కనిపించిన 13 అలా వచ్చిందే.

అండమాన్ వాసులకు దీన్ని పోల్చి చెప్పడం తేలిక. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద బారాటాంగ్ వైపు వెళ్లేవారు జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర ఆగుతారు. జరావాల రక్షిత ప్రాంతం గుండా సాగే ఆ దారిలో వాహనాలు నిర్ణీత వేళల్లో, కాన్వాయ్‌గా, పోలీసు కాపలాతోనే కదలాలి. మధ్యలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. అవతలి ఊరికి వెళ్లాల్సిన అవసరం నిజమైనదే. అయినా ఆ అవసరం కోసం గేటునే పీకేయరు. వెళ్లాల్సినవారిని, వెళ్లాల్సిన వేళకు, ఆ దారి మట్టుకే పంపిస్తారు. కంప్యూటర్‌లో అనుమతి ఇచ్చే సరైన పద్ధతి కూడా ఇదే.

కాపలా ఎందుకు పుట్టింది?

తొలితరం కంప్యూటర్ మీద ఒక సమయంలో ఒకరి పనే నడిచేది. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కార్బాటో బృందం ఒకే యంత్రాన్ని పలువురు ఒకేసారి వాడుకునే ‘సీటీఎస్ఎస్’ వ్యవస్థను ప్రదర్శించింది. నలుగురు వాడే యంత్రమంటే ఒకరి ఫైళ్లను మరొకరి నుంచి కాపాడాలి. అలా పాస్‌వర్డులు వచ్చాయి.

1960ల మధ్యలో అదే వ్యవస్థలో ఒక వింత జరిగింది. ఒక నిర్వాహకుడు ఆ రోజు సందేశాన్ని మారుస్తుండగా, మరొకరు పాస్‌వర్డుల ఫైలును సరిచేస్తున్నారు. ఇద్దరూ వాడిన ఎడిటర్ తాత్కాలిక ఫైలుకు ఒకటే పేరు పెట్టేది. రెండూ తారుమారయ్యాయి. ఆ తరువాత లాగిన్ అయిన ప్రతి ఒక్కరి ముందూ అందరి పాస్‌వర్డులూ ప్రత్యక్షమయ్యాయి. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. రెండు పనులు ఒకే చోట రాయగలగడమే ప్రమాదమైంది.

1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ ఒక పరిశోధన పత్రంలో భద్రతా సూత్రాలను క్రోడీకరించారు. వాటిలో బాగా నిలిచిపోయినది ‘కనిష్ఠ అధికార’ సూత్రం. ఏ ప్రోగ్రాముకైనా, ఏ వాడుకరికైనా తన పనికి ఎంత అధికారం అవసరమో అంతే ఉండాలని దాని అర్థం.

ఇంటి కంప్యూటర్లకు ఈ సూత్రం ఆలస్యంగా చేరింది. విండోస్ 95, 98లలో ఫైళ్లకు ఇలాంటి కాపలా లేదు. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో కాపలా ఉన్నా, ఇళ్లలో దాదాపు అందరూ సర్వాధికారాలున్న అడ్మినిస్ట్రేటర్ ఖాతాతోనే పనిచేసేవారు. పెద్ద మార్పు చేసే ముందు అనుమతి అడిగే పెట్టె 2007లో జనానికి అందిన విండోస్ విస్టాతో మొదలైంది. చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను కూడా ఇదే బాటలో నడుస్తుంది. అందులో సాధారణంగా ఒక్కో యాప్‌కు ఒక్కో వాడుకరి సంఖ్య ఉంటుంది. ఒక యాప్ సొంత ఫైళ్లను మరో యాప్ నేరుగా తెరవలేకపోవడానికి కారణం అదే.

అనుమతుల భాష చదవడం

లినక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక యజమాని, ఒక గ్రూపు ఉంటారు. మిగిలినవారంతా ‘ఇతరులు’. ఈ ముగ్గురికీ విడివిడిగా మూడు హక్కులు ఉంటాయి: చదవడం, రాయడం, నడపడం. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 అని విలువలు. వాటిని కూడితే ఒక అంకె వస్తుంది. 755 అంటే యజమానికి 4+2+1, అంటే అన్నీ. గ్రూపుకూ ఇతరులకూ 4+1, అంటే చదవడం, నడపడం మాత్రమే. 644 అంటే యజమాని చదవచ్చు, రాయచ్చు, మిగిలినవారు చదవడమే. 777 అంటే ప్రతి ఒక్కరికీ అన్నీ.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఫోల్డర్‌కు ఈ హక్కుల అర్థం వేరు. ఫోల్డర్ మీద ‘రాయడం’ అంటే అందులో కొత్త ఫైళ్లు సృష్టించడం, ఉన్నవి తీసేయడం. ‘నడపడం’ అంటే ఆ ఫోల్డర్ గుండా లోపలికి వెళ్లడం. సాఫ్ట్‌వేర్ ఎక్కించడమంటే ఏదో ఒక ఫోల్డర్‌లో కొత్త ఫైళ్లు పెట్టడమే. కాబట్టి ఇన్‌స్టాల్ సమయంలో వచ్చే అనుమతి లోపాల్లో చాలావాటికి మూలం ఫైలు మీద కాక, అది చేరాల్సిన ఫోల్డర్ మీద ఉంటుంది.

లినక్స్‌లో సర్వాధికారి పేరు ‘రూట్’. అందరికీ పనికొచ్చే సాఫ్ట్‌వేర్ ఉండే ఫోల్డర్లన్నీ రూట్ సొత్తు. మామూలు వాడుకరి వాటిలో రాయాలంటే ‘సుడో’ అనే ఆదేశంతో ఆ ఒక్క పనికి రూట్ అధికారం తీసుకోవాలి. పాస్‌వర్డు అడుగుతుంది, ఏం చేశారో నమోదు చేసుకుంటుంది. ఉబుంటులో ఒకసారి పాస్‌వర్డు ఇస్తే ఆ టెర్మినల్‌లో సుమారు 15 నిమిషాలు మళ్లీ అడగదు. ఇది జిర్కాటాంగ్ కాన్వాయ్ లాంటిదే.

విండోస్‌లో ఇదే పనిని ప్రతి ఫైలుకూ అంటిపెట్టుకుని ఉండే అనుమతుల జాబితా చేస్తుంది. అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయినా విండోస్ రెండు గుర్తింపు చీటీలు తయారు చేస్తుంది. ఒకటి తగ్గించిన అధికారాలది, మరొకటి పూర్తి అధికారాలది. రోజువారీ పనులన్నీ మొదటి చీటీతో సాగుతాయి. తెర మసకబారి అనుమతి పెట్టె వచ్చినప్పుడు ‘యెస్’ నొక్కితేనే రెండోది బయటికి వస్తుంది. ‘నేను అడ్మిన్‌నే కదా, నాకెందుకు అడ్డు’ అన్న ప్రశ్నకు జవాబు ఇదే.

లోపం సంఖ్యే తొలి ఆధారం

సందేశంలోని సంఖ్యను చూడకుండా మూసేయడం చాలామందికి అలవాటు. డాక్టరు దగ్గరికి రిపోర్టులు లేకుండా వెళ్లడం లాంటిదది. లినక్స్‌లో తరచుగా కనిపించే సంఖ్యలు ఇవి:

- 13: ఆ ఫైలు లేదా ఫోల్డర్ మీద ఆ పనికి అనుమతి లేదు.
- 1: ఆ పని చేసే అధికారమే ఈ వాడుకరికి లేదు. ఉదాహరణకు ఇతరుల ఫైలు హక్కులను మార్చబోతే ఇది వస్తుంది.
- 11: వనరు ఇప్పుడు వేరే పనిలో ఉంది.
- 28: డిస్కులో చోటు లేదు.
- 30: ఆ డిస్కు ప్రస్తుతం చదవడానికి మాత్రమే తెరిచి ఉంది.

మొదటి రెండే నిజమైన అనుమతి సమస్యలు. మిగిలిన మూడూ అలా కనిపిస్తాయంతే. వాటికి హక్కులు మార్చడం మందు కాదు.

విండోస్‌లో ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ సంఖ్య 5. అప్‌డేట్లలోనూ స్టోర్‌లోనూ కనిపించే 80070005 అనే పొడవాటి కోడ్‌కూ దీనికీ తేడా లేదు. చివరనున్న 0005 ఆ అయిదే. అదే 32 అని వస్తే ఆ ఫైలును మరో ప్రోగ్రాము తెరిచి ఉంచిందని అర్థం. ఆ ప్రోగ్రామును మూసేస్తే సరిపోతుంది.

లినక్స్‌లో ఎదురయ్యే సందర్భాలు

ఇక్కడ ఆదేశాల పేర్లు తెలుగులో ఉన్నాయి. కంప్యూటర్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో టైప్ చేయాలి.

సుడో మరచిపోవడం. ‘ఆప్ట్’ ఆదేశంతో సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు లాక్ ఫైలు తెరవలేకపోయానంటూ 13 వస్తే, ముందు సుడో పెట్టలేదన్నమాట. పెడితే పని జరుగుతుంది. అదే ఆదేశానికి 11 వస్తే సంగతి వేరు. వెనకాల మరో ఇన్‌స్టాల్ నడుస్తోంది. ఉబుంటు ఆన్ అయిన కాసేపటికి భద్రతా నవీకరణలు తమంతట తామే మొదలవుతాయి. కొద్ది నిమిషాలు ఆగడమే పరిష్కారం. లాక్ ఫైలును చెరిపేయమనే చిట్కా పాటిస్తే సగంలో ఉన్న ఇన్‌స్టాల్ పాడవుతుంది.

ఖాతాకు సుడో హక్కు లేకపోవడం. సుడో వాడేవారి జాబితాలో ఈ పేరు లేదని వస్తే, అది సాధారణ ఖాతా. ఉబుంటు వేసినప్పుడు మొదట సృష్టించిన ఖాతాకే ఆ హక్కు ఉంటుంది. ఇంట్లో ఆ ఖాతా ఎవరిదో వారితో చేయించుకోవాలి.

నడిపే గుర్తు లేకపోవడం. ఇంటర్నెట్ నుంచి దించుకున్న ఇన్‌స్టాలర్ ఫైలుకు లినక్స్ నడిపే హక్కు ఇవ్వదు. తెలియని ఫైలు పొరపాటున నడవకూడదనే ఆ జాగ్రత్త. ఫైలు నమ్మకమైన చోటునుంచి వచ్చిందని తేలితే, దాని ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ప్రోగ్రాముగా నడపనివ్వమనే గడిని ఎంచుకోవాలి. లేదా ‘సీహెచ్‌మాడ్’ ఆదేశంతో ఆ ఒక్క ఫైలుకే, యజమానికి మాత్రమే ఆ హక్కు ఇవ్వాలి.

పెన్‌డ్రైవ్ చిక్కు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఇన్‌స్టాలర్‌కు ఎన్నిసార్లు నడిపే హక్కు ఇచ్చినా నిలవదు. చాలా పెన్‌డ్రైవ్‌లు వాడే ఫ్యాట్ తరహా అమరికలో లినక్స్ హక్కులను రాసుకునే చోటే లేదు. ఫైలును హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, అక్కడ హక్కు ఇస్తే నడుస్తుంది.

పాత సుడో వదిలివెళ్లిన ముడి. హోమ్ ఫోల్డర్‌లో చేయాల్సిన పనిని ఎప్పుడో ఒకసారి సుడోతో చేసి ఉంటే, అప్పుడు పుట్టిన ఫైళ్లకు రూట్ యజమాని అవుతుంది. ఆ తరువాత సొంత ఇంట్లోనే సొంత వాడుకరికి 13 ఎదురవుతుంది. ‘ఎల్ఎస్’ ఆదేశానికి ‘మైనస్ ఎల్’ జోడిస్తే ప్రతి ఫైలు యజమాని పేరు కనిపిస్తుంది. అక్కడ ‘రూట్’ అని ఉంటే, ‘సీహెచ్ఓన్’ ఆదేశంతో ఆ ఒక్క ఫోల్డర్‌ను అసలు వాడుకరి పేరు మీదికి మార్చాలి.

పైథాన్ విషయంలో ఇంకో మాట. 2023 నుంచి డెబియన్, ఉబుంటుల కొత్త విడుదలలు ‘పిప్’ ద్వారా సిస్టమ్ పైథాన్‌లో నేరుగా ప్యాకేజీలు ఎక్కించనివ్వడం లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని పలు భాగాలు ఆ పైథాన్ మీదే ఆధారపడి ఉండటమే కారణం. ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఒక విడి పైథాన్ వాతావరణాన్ని సృష్టించుకుని అందులో ఎక్కించాలి. దానికి సుడో అవసరం లేదు, వాడకూడదు కూడా.

విండోస్‌లో ఎదురయ్యే సందర్భాలు

మొదట చూడాల్సింది సాఫ్ట్‌వేర్ ఎవరికోసం అన్నది. చాలా ఇన్‌స్టాలర్లు ‘అందరికీ’ లేదా ‘నాకు మాత్రమే’ అని అడుగుతాయి. రెండోది ఎంచుకుంటే ఫైళ్లు వాడుకరి సొంత ఫోల్డర్‌లోకి వెళ్తాయి. అడ్మినిస్ట్రేటర్ అనుమతితో పనే ఉండదు. ఒక్కరే వాడే సాఫ్ట్‌వేర్‌కు ఇదే మేలు.

అందరికీ కావాల్సినదైతే ఇన్‌స్టాలర్ మీద కుడి బటన్ నొక్కి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంచుకోవాలి. అనుమతి పెట్టె రాగానే ‘యెస్’ నొక్కకుండా అందులోని ప్రచురణకర్త పేరు చదవాలి. తెలిసిన సంస్థ పేరు ఉండాల్సిన చోట ‘అన్‌నోన్’ అని ఉంటే అక్కడే ఆగడం మంచిది.

జిప్ ఫైలులో ఉన్న ఇన్‌స్టాలర్‌ను బయటికి తీయకుండానే నడిపితే కూడా లోపాలు వస్తాయి. ముందు డిస్కు మీదికి విప్పుకోవాలి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లకు విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది. నమ్మకం కుదిరాక ఫైలు ప్రాపర్టీస్‌లో ‘అన్‌బ్లాక్’ గడిని టిక్ చేస్తే ఆ గుర్తు పోతుంది.

డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్లలో రాయబోయినప్పుడు మాత్రమే ఆగిపోతుంటే ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ ఆన్‌లో ఉందేమో చూడాలి. ఫైళ్లను బందీచేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ నుంచి కాపాడటానికి 2017లో విండోస్ 10లో చేర్చిన రక్షణ ఇది. దాన్ని మొత్తంగా ఆపేయాల్సిన అవసరం లేదు. ఆ ఒక్క ప్రోగ్రామును అనుమతించిన జాబితాలో చేర్చితే చాలు.

ఆఫీసు లేదా కాలేజీ ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఇవేవీ పనిచేయకపోవచ్చు. అక్కడ నియమాలు పెట్టినది సంస్థ. వారి సాంకేతిక విభాగాన్ని అడగడమే దారి.

అనుమతి లోపంలా కనిపించే కరెంటు కోత

ద్వీపాల్లో విద్యుత్తు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది. ఎక్కడైనా సరే, డిస్కు మీద రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్ల పట్టికలో తేడాలు రావచ్చు. అలాంటి తేడా కనిపించగానే ఉబుంటు నష్టం పెరగకుండా ఆ డిస్కును ‘చదవడానికి మాత్రమే’ అనే స్థితికి మార్చేస్తుంది. అప్పుడు రూట్ కూడా రాయలేదు. సంఖ్య 30 వస్తుంది. హక్కులు మార్చబోతే అదీ జరగదు. చేయాల్సింది ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకుని, కంప్యూటర్‌ను తిరిగి ఆన్ చేసి, డిస్కు తనిఖీని పూర్తికానివ్వడం. మళ్లీ మళ్లీ ఇదే వస్తుంటే డిస్కు చివరి దశలో ఉండవచ్చు.

ఒకే యంత్రంలో విండోస్, లినక్స్ రెండూ ఉన్నవారికి ఇంకో రకం ఎదురవుతుంది. విండోస్‌లోని ‘ఫాస్ట్ స్టార్టప్’ వల్ల షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా ఆగదు. అందుకని లినక్స్ ఆ విభాగాన్ని చదవడానికే తెరుస్తుంది. విండోస్‌లో ఆ సౌకర్యాన్ని ఆపితే సమస్య పోతుంది.

777 ఎంటర్ నొక్కి ఉంటే?

ఇప్పుడు అన్నయ్య చెప్పిన లైను దగ్గరికి వద్దాం. అది ప్రాజెక్టు ఫోల్డర్ వరకే నడిస్తే నష్టం కొంతే. తమ్ముడి ఖాతాలో నడిచే ప్రతి ప్రోగ్రాముకూ అక్క ఫైళ్లు మార్చే వీలు దొరుకుతుందంతే. కానీ ఈ ఆదేశంలో ‘ఈ ఫోల్డర్’ అనడానికి ఒక చుక్క, ఒక గీత వాడతారు. చుక్క జారిపోతే మిగిలేది గీత ఒక్కటే. లినక్స్‌లో దాని అర్థం ‘మొత్తం కంప్యూటర్’.

అది సుడోతో నడిస్తే జరిగేది చూడటానికి విచిత్రంగా ఉంటుంది. మామూలు వాడుకరి నడిపినా రూట్ అధికారంతో నడిచేలా సుడో ఫైలు మీద ఒక ప్రత్యేక గుర్తు ఉంటుంది. యునిక్స్ నిర్మాతల్లో ఒకరైన డెన్నిస్ రిచీకి 1979లో పేటెంటు తెచ్చిపెట్టిన ఆలోచన ఇది. 777 వేయగానే ఆ గుర్తు చెరిగిపోతుంది. అంతటితో సుడో పనిచేయడం మానేస్తుంది. అంటే అందరికీ అన్ని హక్కులూ ఇచ్చిన ఆ ఆదేశమే, తప్పు దిద్దుకునే హక్కును యజమాని చేతిలోంచి లాగేసుకుంటుంది. ఇతర కంప్యూటర్లకు కలిపే ఎస్ఎస్‌హెచ్ తాళాలు కూడా ‘ఈ ఫైలు అందరికీ కనిపిస్తోంది, వాడను’ అంటూ నిరాకరిస్తాయి. ఏ ఫైలుకు అంతకుముందు ఏ హక్కులు ఉండేవో చెప్పే రికార్డు తేలిగ్గా దొరకదు. చాలావరకు మిగిలేది డేటా కాపీ చేసుకుని సిస్టమ్‌ను మళ్లీ వేసుకోవడమే.

మళ్లీ వేసుకోవడమంటే కొన్ని గిగాబైట్ల డౌన్‌లోడ్. ఈ దీవుల్లో అది ఒకప్పుడు చిన్న మాట కాదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యే దాకా ఇక్కడి ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహాల మీదే నడిచింది. సుమారు 2,300 కిలోమీటర్ల ఆ కేబుల్ వచ్చాక వేగం పెరిగింది. అయినా రేపు ఇవ్వాల్సిన ప్రాజెక్టు ముందు ఒక రాత్రి పోవడం ఎక్కడున్నా నష్టమే.

విండోస్‌లోనూ ఇలాంటి అడ్డదారులు ఉన్నాయి. అనుమతి పెట్టెను శాశ్వతంగా ఆపేయడం, విండోస్ ఫోల్డర్ యాజమాన్యాన్ని సొంతం చేసుకోవడం, యాంటీవైరస్‌ను తీసేయడం. మూడింటికీ ఫలితం ఒకటే. ఆ ఒక్క సాఫ్ట్‌వేర్‌తో పాటు ఆ తరువాత వచ్చే ప్రతిదానికీ గేటు తెరిచి ఉంటుంది.

‘క్రాక్’ చేసిన సాఫ్ట్‌వేర్‌తో వచ్చే సూచనలు గమనిస్తే ఈ సంగతి అర్థమవుతుంది. ముందు యాంటీవైరస్ ఆపమంటాయి, తరువాత అడ్మినిస్ట్రేటర్‌గా నడపమంటాయి. అంటే కాపలాదారును ఇంటికి పంపించి, తాళాలు తమకివ్వమనడమే. తండ్రి బ్యాంకు పాస్‌వర్డు టైప్ చేసేది కూడా ఆ కీబోర్డు మీదే.

అనుమతి ఒక్కటే చాలదు

అనుమతుల కాపలా అన్ని ప్రమాదాలనూ ఆపలేదు. 2017 మే నెలలో ప్రపంచమంతా పాకిన ‘వన్నాక్రై’ రాన్సమ్‌వేర్ బారిన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా పడ్డాయి. విండోస్‌లోని ఒక లోపం గుండా ఎవరి అనుమతీ అడగకుండానే యంత్రం నుంచి యంత్రానికి పాకడం దాని బలం. ఆ లోపాన్ని సరిచేసే నవీకరణను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసింది. అందుకే నవీకరణలు వేసుకోవడం, ముఖ్యమైన ఫైళ్లకు విడిగా ఒక కాపీ ఉంచుకోవడం అనుమతులతో సమానంగా అవసరం. పొరపాటున డబ్బు పోతే వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఇంట్లో ఒకటే కంప్యూటర్ ఉన్నవారు చేసుకోదగిన ఏర్పాటు సులభమైనదే. ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఒక సాధారణ ఖాతా. సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి మాత్రం విడిగా ఒక అడ్మినిస్ట్రేటర్ ఖాతా, దానికో మంచి పాస్‌వర్డు. తమ్ముడు తెచ్చిన ఆటలో ఏదైనా దుష్ట ప్రోగ్రాము ఉన్నా, అది తమ్ముడి ఖాతా దాటి నాన్న ఫైళ్ల దాకా వెళ్లడం చాలా కష్టమవుతుంది.

లంబాలైన్ ఇంట్లో ఆ రాత్రి

ఎంటర్ నొక్కే ముందు అక్క మూడు ప్రశ్నలు వేసుకుందనుకుందాం. ఎవరి తరఫున అడుగుతున్నాను? తన ఖాతా తరఫునే. ఏ ఫోల్డర్‌లో ఆగింది? సందేశంలోనే దారి ఉంది, హోమ్‌లోని ప్రాజెక్టు ఫోల్డర్. ఏ పని? అందులో కొత్త ఫైళ్లు పెట్టడం. సొంత హోమ్‌లో రాయడానికి అడ్డేమిటి?

యజమానుల జాబితా చూస్తే ప్రాజెక్టులోని పైథాన్ వాతావరణం ‘రూట్’ పేరు మీద ఉంది. కిందటి వారం తమ్ముడు ఎక్కడో చూసిన ఆదేశాలను ముందు సుడో పెట్టి మరీ నడిపాడు. 13 వెనక ఉన్న కథ అంతే. ఆ ఒక్క ఫోల్డర్‌ను తన పేరు మీదికి మార్చుకున్నా సరిపోతుంది. లేదా దాన్ని తీసేసి, ఈసారి సుడో లేకుండా మళ్లీ సృష్టించుకున్నా సరిపోతుంది. రెండింటికీ రెండు నిమిషాలు పట్టదు. నమ్‌పై ఎక్కుతుంది, సుడో పనిచేస్తూనే ఉంటుంది, నాన్న ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

అన్నయ్య చెప్పిన లైనూ పొడవులో అంతే ఉంటుంది. అందుకే అనుమతి సరిదిద్దేటప్పుడు ఆదేశం ఎంత చిన్నదో చూడటం కంటే, అది ఎంతమందికి, ఎంత మేర, ఎంతసేపు గేటు తెరుస్తోందో చూడాలి. కావాల్సిన ఫైలుకు, కావాల్సిన వాడుకరికి, కావాల్సినంతసేపే తెరిస్తే పనీ జరుగుతుంది, కాపలా కూడా ఉంటుంది.